పాస్‌పోర్టు వెంట నడిచే చట్టం: గంజాయి మేళాలు, నార ప్రదర్శనలు, భివండీ సాంచెలు

గంజాయి పేరుతో జరిగే మేళాలు, సదస్సులు, ప్రదర్శనలు ఈ యాభై ఏళ్లలో దేశదేశాల్లో పుట్టుకొచ్చాయి. లాస్ వేగస్‌లో వ్యాపారుల సదస్సు, బెర్లిన్‌లో సంగీతంతో కలిసిన ప్రదర్శన, బార్సిలోనా పక్కన విత్తన కంపెనీల సంత, సియాటిల్ తీరాన ఉద్యమకారుల జాతర, కాఠ్మాండూలో నార పరిశ్రమ సమావేశం. వీటన్నిటినీ వార్తలు ఒకే గాటన కట్టేస్తాయి. మన ఇళ్లలోనేమో ఆ మాట వినగానే పోలీసు జీపు, పోయిన పరువు తప్ప మరేదీ గుర్తుకురాదు. ఒకవైపు ఉత్సవపు హోరు, మరోవైపు భయం. ఎవరికి ఏది పనికొస్తుంది, ఎవరి మెడకు ఏది చుట్టుకుంటుంది అని విడదీసి చూసే ప్రయత్నం ఈ రెండింటి మధ్య నలిగిపోయింది.

భివండీలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. నగరపాలక సంస్థ పేరులోనే భివండీ పక్కన నిజాంపూర్‌ను నిలుపుకున్న ఈ జంట ఊరు దేశంలోని పెద్ద మరమగ్గాల కేంద్రాల్లో ఒకటి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి బొంబాయికీ, షోలాపూర్‌కూ, ఇక్కడికీ వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు పద్మానగర్, కామత్‌ఘర్ వంటి బస్తీల్లో తరాలుగా సాంచెల మీద, అంటే ఈ మరమగ్గాల మీద, బతుకుతున్నాయి. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లు సమ్మె తర్వాత మిల్లుల పని చాలావరకు ఇటు మళ్లింది. నోట్ల రద్దు, జీఎస్టీ వచ్చాక ఆ పనే పలచబడింది. ఈ ఇళ్లను గంజాయి మేళా రెండు దారుల్లో వచ్చి తాకుతోంది. హెంప్ గుడ్డకు మంచి రోజులొస్తున్నాయి, ప్రదర్శనకు వెళ్లి చూడండి అనే వ్యాపార పిలుపు ఒకటి. చదువుకో ఉద్యోగానికో డాలస్, టొరంటో, బెర్లిన్ వెళ్లిన పిల్లలకు స్నేహితుల నుంచి అందే పండుగ పిలుపు రెండోది.

ఈ వ్యాసం వాదించేది ఒక్కటే. మేళాకు వెళ్లవచ్చా కూడదా అన్నది మేళా జరిగే దేశపు చట్టం తేల్చే సంగతి కాదు. వెళ్లే మనిషి చేతిలో ఏ పాస్‌పోర్టు ఉంది, ఏ వీసా మీద ఉన్నాడు, అక్కడ ఏ సరుకు కోసం వెతుకుతున్నాడు అన్నవే తేలుస్తాయి. మేళాలను మెచ్చుకునేవారూ తిట్టేవారూ కూడా ఈ మూడింటినీ వదిలేసి మొక్క మంచిదా చెడ్డదా అనే దగ్గరే ఆగిపోవడం వల్ల చర్చ ముందుకు సాగడం లేదు.

పేర్ల దగ్గరే మొదటి ముడి

కన్నబిస్ మొక్క పూలకొనలను గంజాయి అంటాం, జిగురును చరస్ అంటాం, ఆకును భంగు అంటాం. కాండం మీది పట్ట నుంచి తీసే నారకు ఇంగ్లీషులో హెంప్ అని పేరు. అయితే ఆ పేరును వలస పాలన కాలంలో కనిపించిన ప్రతి నారకూ తగిలించారు. మన జనుము సన్ హెంప్ అయింది, గోగునార దక్కన్ హెంప్ అయింది. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కిన ఆ గోగునారకే బిమ్లీపట్నం జూట్ అని మరో పేరు. గోగు శాస్త్రనామం హైబిస్కస్ కన్నబినస్, అంటే గంజాయిని పోలినది అని. ఆకు పోలికే తప్ప ఆ రెంటికీ చుట్టరికం లేదు. గోగు గోంగూర కుటుంబం, జనుము చిక్కుళ్ల కుటుంబం. కాబట్టి వస్త్ర ప్రదర్శనలో హెంప్ అని రాసిన స్టాలు ముందు నిలబడినవారు మొదట అడగవలసింది మొక్క శాస్త్రనామం. జనుమైతే ఏ లైసెన్సూ అక్కర్లేదు. కన్నబిస్ అయితే ఆ నార ఏ రాష్ట్రంలో, ఎవరి అనుమతితో పండిందనే కాగితం కావాలి.

మన చట్టం కూడా ఈ తేడాలను గుర్తించింది. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, గంజాయి అంటే పూలకొనలు, కాయకొనలు అని నిర్వచించింది. కొనలు కలవని ఆకునూ గింజనూ ఆ నిర్వచనం నుంచి తప్పించింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఇదే తీరు ఉంది. భంగు ఈ కేంద్ర చట్టపు పరిధికి వెలుపల ఉండిపోవడానికి కారణం అదే. అంతమాత్రాన దానికి అంతటా స్వేచ్ఛ ఉందని కాదు. ఆ అధికారం రాష్ట్రాలది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తాయి. మహారాష్ట్రలో 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం కింద లైసెన్సు లేకుండా భంగు దగ్గర ఉంచుకోవడం నేరం. హోలీ నాడు వారణాసిలో చెల్లిన లోటా భివండీలో చెల్లదన్నమాట. ఇక గంజాయి కిలో లోపయితే స్వల్ప పరిమాణం, ఏడాది దాకా శిక్ష పడవచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. చరస్‌కు ఈ హద్దులు 100 గ్రాములు, ఒక కిలో. అదే చట్టంలోని 14వ సెక్షను నార కోసం, గింజ కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చని చెబుతోంది. నారకు తలుపు 1985లోనే పెట్టారు; దాని గడియ తీయడానికే దశాబ్దాలు పట్టింది.

నిరసన సభ నుంచి స్టాలు అద్దె దాకా

ఈ మొక్క మీద పెద్ద విచారణ పడమటి దేశాల మేళాలకు ఎనిమిది దశాబ్దాల ముందే ఇక్కడ జరిగింది. 1893-94లో భారత గంజాయి మందుల కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, నిషేధం కన్నా పన్నులు, లైసెన్సులతో అదుపు చేయడమే మేలనీ తేల్చింది. పడమట మేళా మాత్రం శిక్ష మీద కోపంతో పుట్టింది. అమెరికాలోని మిషిగన్‌లో రెండు గంజాయి చుట్టలు ఇచ్చినందుకు జాన్ సింక్లెయిర్ అనే కవికి పదేళ్ల జైలు పడింది. 1972 మార్చిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేశాక ఏప్రిల్ 1న ఆన్ ఆర్బర్‌లోని విశ్వవిద్యాలయ ఆవరణలో జనం గుమిగూడారు. ఏటా జరిగే హాష్ బాష్ అలా మొదలైంది. 1991లో మొదలైన సియాటిల్ హెంప్‌ఫెస్ట్‌కూ, 1993లో ఆస్ట్రేలియాలోని నింబిన్‌లో మొదలైన మార్డిగ్రాస్‌కూ తల్లివేరు అదే. అవి టికెట్టు అమ్ముకోవడానికి కాదు, చట్టం మార్చడానికి జరిగిన సభలు.

రెండో పాయ 1988లో ఆమ్‌స్టర్‌డామ్‌లో హై టైమ్స్ పత్రిక పెట్టిన కన్నబిస్ కప్‌తో మొదలైంది. అక్కడ మొక్క రకాలకు పోటీ పెట్టి బహుమతులిచ్చారు. పోటీ రాగానే విత్తన కంపెనీ వచ్చింది, కంపెనీ వెంట స్టాలు వచ్చింది. 2004లో స్పెయిన్‌లో మొదలైన స్పానబిస్, 2016లో బెర్లిన్‌లో మొదలైన మేరీ జేన్ ఈ వరుసలోవి. 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు చట్టబద్ధతకు ఒప్పుకున్నాక మూడో పాయ ఊపందుకుంది. లాస్ వేగస్‌లో జరిగే ఎంజేబిజ్‌కాన్ వంటి సదస్సుల్లో పొగకు చోటు తక్కువ. దీపాలు, ఎరువులు, ప్యాకింగు యంత్రాలు, పన్ను సలహాదారులే ఎక్కువ. నాలుగోది నార, గింజల పాయ. 2000లో ఏర్పడిన యూరప్ పారిశ్రామిక హెంప్ సంఘం ఏటా జరిపే సమావేశం, 2014లో కొలరాడోలో మొదలైన నోకో హెంప్ ఎక్స్‌పో, 2020 ఫిబ్రవరిలో కాఠ్మాండూలో జరిగిన ఆసియా హెంప్ సదస్సు దీనికి చెందుతాయి. మన దేశంలో ఈ పాయకు దగ్గరగా వచ్చింది 2018 నవంబరు 23న ఢిల్లీలో సీఎస్ఐఆర్, ముంబయికి చెందిన బాంబే హెంప్ కంపెనీ కలిసి గంజాయి పరిశోధన మీద జరిపిన సదస్సు. కేంద్ర మంత్రి పాల్గొన్న ఆ సభలో వైద్యం, విజ్ఞానం, చట్టం అనే మూడు కోణాల్లో మాట్లాడుకున్నారు. దాన్ని మేళా అని ఎవరూ అనరు. నేర్చుకోవడానికి వెళ్లేవాడికి మాత్రం అలాంటిదే అసలు మేళా.

నాలుగు వాదాలు

ఉద్యమ వాదం ప్రకారం మేళాకు వెళ్లడమే ఒక రాజకీయ చర్య. అన్యాయమైన చట్టం ముందు నలుగురూ బహిరంగంగా నిలబడకపోతే అది ఎప్పటికీ మారదు. ఈ వాదానికి చరిత్ర బలం ఉంది: సియాటిల్ వేదిక మీద ఇరవై ఏళ్లు వినిపించిన కోరికే 2012లో వాషింగ్టన్ రాష్ట్ర చట్టమైంది. దాని బలహీనత ఏమిటంటే అది ఆ దేశ పౌరుడి వాదం. ఓటు ఉన్నవాడు అరెస్టయితే అది నిరసన. వీసా మీద ఉన్నవాడు అరెస్టయితే అతని చదువు అక్కడితో ఆగిపోతుంది.

వాణిజ్య వాదానికి మేళా ఒక సంత. కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపి, కొత్త యంత్రాన్ని కళ్లకు చూపిస్తే చాలునంటుంది. సంప్రదాయ వాదానికి ఈ మేళాలన్నీ మన శివరాత్రికి పడమటి నకళ్లు. పశుపతినాథ్‌లో సాధువుల చిలుములు, వారణాసిలో ఠండాయి ఉండగా కొత్తగా భయపడటమెందుకని అడుగుతుంది. ఈ మాట వినసొంపుగా ఉంటుంది గాని నేపాల్ కూడా 1973లోనే లైసెన్సులు రద్దు చేసి, 1976లో నిషేధ చట్టం తెచ్చిందన్న సంగతిని దాటవేస్తుంది. ఆచారం ఒక రోజుకూ ఒక గుడికీ ఇచ్చిన మినహాయింపును స్టాళ్లు పెట్టి అమ్మే సంతకు పరచడం ఆచారాన్ని గౌరవించడం కాదు.

నిరోధ వాదాన్ని వెనుకబాటు కింద కొట్టిపారేయడం తేలిక. తెలుగు నేల మీద నిలబడి చూస్తే అది అంత తేలిక కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. 2024లో ఈగిల్ పేరుతో ప్రత్యేక దళం వచ్చింది. తెలంగాణ తన మాదకద్రవ్యాల నిరోధక బ్యూరోను అంతకుముందే ఏర్పరచుకుంది. ఈ గొలుసులో చివరకు జైలుకు వెళ్లేది ఎక్కువగా కూలికి మూట మోసిన గిరిజన యువకుడు, లారీ క్లీనరు. తోటకు పెట్టుబడి పెట్టినవాడు దొరకడు. మేళాల్లో స్వేచ్ఛ గురించి మాట్లాడేవారు ఈ యువకుడి గురించి మాట్లాడకపోవడం నిజంగా బాధించే విషయం. అలాగని నిరోధ వాదం కూడా అతనికి న్యాయం చేయడం లేదు. నరికిన తోట స్థానంలో ఏ పంట, ఏ ధర అనే ప్రశ్నకు దాని దగ్గర ఉన్న జవాబు బలహీనమే.

టికెట్టుది ఒక చట్టం, పాస్‌పోర్టుది మరొకటి

ఎన్‌డీపీఎస్ చట్టం మొదటి సెక్షనులోనే, భారతదేశం వెలుపల ఉన్న భారత పౌరులందరికీ ఈ చట్టం వర్తిస్తుందని ఉంది. మేళా గురించి రాసే యాత్రా వ్యాసాల్లో కనబడని వాక్యం ఇది. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దలకు పరిమిత మోతాదు అనుమతించింది, కెనడా 2018 అక్టోబరు 17 నుంచే అనుమతించింది. మన చట్టం మాత్రం అతిథి దేశం ఒప్పుకుంటే సరేనని ఎక్కడా అనలేదు. విదేశంలో జరిగిన నేరాన్ని ఇక్కడ విచారించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. బెర్లిన్‌లో కాల్చిన చుట్టకు భివండీలో కేసు పెట్టడం ఆచరణలో అరుదనే అనుకోవచ్చు. అయినా అరుదైన అపాయానికీ లేని హక్కుకూ తేడా ఉంది. మన పౌరుడు అక్కడ తీసుకునేది సడలింపే, హక్కు కాదు.

అసలు ప్రమాదం ఉన్నది అమెరికాలో. తెలుగు పిల్లలు వేల సంఖ్యలో ఉన్న దేశం కనుక ఇక్కడ కాస్త ఆగి చూడాలి. అక్కడ చాలా రాష్ట్రాలు గంజాయిని అనుమతించాయి, వలస చట్టం మాత్రం కేంద్రానిది, కేంద్ర చట్టంలో అది ఇంకా నియంత్రిత పదార్థమే. పౌరసత్వం లేనివారికి కోర్టు శిక్ష పడనక్కర్లేదు. నేరానికి సరిపడే వివరాలన్నిటినీ తానే అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, ప్రవేశానికి అనర్హుడు కావచ్చు. వీసా దరఖాస్తు డీఎస్-160లో నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అనే ప్రశ్న ఉంది. రాష్ట్రంలో అనుమతి ఉంది కదా అని మేళాలో ఒక దమ్ము లాగి, సెలవులకు ఇంటికొచ్చి, వీసా స్టాంపింగుకు వెళ్లిన విద్యార్థి ఆ గడి ముందు ఇరుక్కుంటాడు: నిజం రాస్తే అనర్హత, అబద్ధం రాస్తే మోసం. 2019 ఏప్రిల్ 19న అమెరికా వలస సేవల సంస్థ ఇంకో మెట్టెక్కింది. రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైన గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన లేనట్టు పరిగణించవచ్చని మార్గదర్శకం ఇచ్చింది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గంజాయి దుకాణాల బిల్లింగు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి స్టాలు దగ్గర నిలబడినా ఈ ప్రశ్న వస్తుంది. అతను చుట్ట ముట్టనక్కర్లేదు.

వ్యాపార సదస్సు కాబట్టి భయం లేదనుకునేవారికి కెనడా అనుభవమే సమాధానం. 2018 అక్టోబరులో అమెరికా సరిహద్దు అధికారులు ఒక గీత గీశారు: చట్టబద్ధ గంజాయి పరిశ్రమలో పనిచేసే కెనడా పౌరుడు వేరే పని మీద వస్తే రానిస్తారు, గంజాయి వ్యాపారం మీద వస్తే అనర్హుడు కావచ్చు. ఆ నవంబరులోనే లాస్ వేగస్ సదస్సుకు బయల్దేరిన కెనడా పెట్టుబడిదారుడొకరిని జీవితకాలం రానివ్వకుండా నిషేధించారని వార్తలొచ్చాయి. పక్క దేశపు పౌరుడికే అలా జరిగితే, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు కూర్చునే మనవాడు ప్రయాణ కారణంగా అదే సదస్సు పేరు చెప్పే ముందు వలస న్యాయవాదిని అడగడం పిరికితనం కాదు.

తిరుగు ప్రయాణం ఇంకో పరీక్ష. మేళా సంచుల్లో ఉచితంగా పెట్టే నమూనాలు, నూనె సీసాలు, గమ్మీలు దారిలో దిగే ప్రతి దేశపు చట్టానికీ లోబడతాయి. 2008లో దుబాయి విమానాశ్రయంలో ఒక బ్రిటన్ పౌరుడి బూటుకు అంటుకున్న 0.003 గ్రాముల గంజాయికి నాలుగేళ్ల శిక్ష వేశారు. తర్వాత విడుదల చేశారు. 2021లో యూఏఈ తొలిసారి పట్టుబడినవారికి కొంత సడలింపు ఇచ్చింది, అయినా ఆ దారిలో సంచి దులపకుండా రావడం తెలివి కాదు. సింగపూర్ తన పౌరులు, శాశ్వత నివాసులు విదేశాల్లో వాడినా శిక్షిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారు గుర్తుంచుకోవలసిన మాట. థాయిలాండ్ 2022 జూన్ 9న గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది, 2025 జూన్‌లో డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. ఈ మధ్యకాలంలో బ్యాంకాక్ నుంచి మట్టి లేకుండా పెంచిన గంజాయిని తెస్తూ ముంబయి, హైదరాబాద్ విమానాశ్రయాల్లో పట్టుబడినవారి వార్తలు తరచూ వచ్చాయి. నిరుడు చదివిన పర్యాటక వ్యాసం ఈ ఏటి చట్టానికి ఆధారం కాదు. గింజలు మన మాదకద్రవ్య నిర్వచనంలోకి రావు కదా అని పొట్లం జేబులో వేసుకొచ్చినా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి ఉండాలి.

సాంచె దగ్గర లెక్క

ఇప్పుడు భివండీ వ్యాపారి వైపు చూద్దాం. ఉత్తరాఖండ్ 2018లో మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న పారిశ్రామిక గంజాయికి లైసెన్సు ఇచ్చి దారి తీసింది. హిమాచల్ ప్రదేశ్ ఆ దారిలో అడుగు వేస్తోంది. 2021 నవంబరులో ఆహార భద్రత సంస్థ గింజలు, గింజల నూనె, పిండిని ఆహారంగా ఒప్పుకుంది. 2019లో లీవైస్ పత్తిలా మెత్తబరిచిన హెంప్ నారతో దుస్తులు తెచ్చింది. ఇవన్నీ చూసి నార ప్రదర్శనకు వెళ్లాలనిపించడం సహజం. ఎవరు వెళ్లాలన్నదే తేలాలి.

భివండీలో చాలా సాంచెలు మజూరీ మీద నడుస్తాయి. నూలు సేఠ్‌ది, బీము సైజింగు నుంచి వస్తుంది, సాంచె ఆసామి పీకుకు, అంటే ఒక్కో పేకపోగు వేటుకు, ఇన్ని పైసలని తీసుకుని గ్రే గుడ్డ తిరిగి ఇస్తాడు. ఏ నూలు నేయాలో అతను నిర్ణయించడు. అలాంటి ఆసామి విమాన ఖర్చు పెట్టుకుని యూరప్ హెంప్ సమావేశానికి వెళ్తే తెలుసుకున్నది అమలు చేసే అధికారం అతని చేతిలో ఉండదు. వెళ్లవలసింది నూలు కొనే సేఠ్, స్పిన్నింగు మిల్లు, గుడ్డ కొనే ఎగుమతిదారు. ఆసామికి పనికొచ్చేది 2024, 2025 ఫిబ్రవరుల్లో ఢిల్లీలో జరిగిన భారత్ టెక్స్ లాంటి సాధారణ వస్త్ర ప్రదర్శన. అక్కడ హెంప్ పక్కనే లినెన్ నూలు, జనుము, వెదురు నూలు అన్నీ ఉంటాయి, ధర పోల్చుకోవచ్చు, హిందీలో బేరమాడవచ్చు, వీసా అక్కర్లేదు.

నూలు స్వభావం కూడా ఇదే చెబుతుంది. గోగునూ జనుమునూ చెరువులో నానబెట్టి నార తీసినట్టే హెంప్‌నూ మురగబెట్టి తీయాలి. పొడవాటి నారను తడిగా వడికితే గట్టి నూలు వస్తుంది గాని సాగే గుణం చాలా తక్కువ. వేగంగా కొట్టే సాంచె మీద పడుగుగా వేస్తే పోగులు తెగి మనిషి సాంచెను వదలకుండా నిలబడాల్సి వస్తుంది, దుమ్ము కూడా ఎక్కువ. అందుకే తెలిసినవారు ముందు పత్తి పడుగు మీద హెంప్‌ను పేకగా వేసి చూస్తారు, లేదా నారను పొట్టిగా కత్తిరించి పత్తితో కలిపి వడికిన నూలు తీసుకుంటారు. ఆ కలిపిన నూలు తయారీలో చైనాది పైచేయి. కాబట్టి స్టాలు దగ్గర అడగవలసిన ప్రశ్నలు వేరే: నూలు కౌంటు ఎంత, కలిపిన పాలెంత, కోను ధర ఎంత, వంద మీటర్లకు పోగు ఎన్నిసార్లు తెగుతుంది, నమూనా బీముకు నూలు ఇస్తారా. ఈ ప్రశ్నలకు జవాబివ్వలేని స్టాలు ఎంత పచ్చగా ముస్తాబు చేసినా పర్యావరణం గురించి పాట పాడుతున్నదే గాని గుడ్డ అమ్మడం లేదు.

ఎదురు వాదనలు

వెళ్లడం వేరు, వాడటం వేరు. చూసి రావడం నేరమా అని మొదటి అభ్యంతరం. నేరం కాదు. ఎన్‌డీపీఎస్ కింద కూడా శిక్ష దగ్గర ఉంచుకోవడానికి, వాడటానికి, అమ్మడానికి, కుట్రకు, సాయానికి. వినడానికీ చదవడానికీ కాదు. సభలో కూర్చుని విన్నవాడిని దొంగలా చూసే మన ఇళ్ల అలవాటు తప్పే. కానీ సరిహద్దు అధికారి చూసేది నేరమొక్కటే కాదు, ప్రయాణ ఉద్దేశం కూడా. లాస్ వేగస్ ఉదాహరణ ఆ తేడానే చూపింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి కఠిన జాబితా నుంచి తీసేసినప్పుడు భారత్ అనుకూలంగా ఓటేసిందిగా, ఇంకా భయమేమిటి అన్నది రెండోది. ఆ ఓటు వైద్య ఉపయోగాన్ని గుర్తించింది. 1961 నాటి ఒప్పందపు మొదటి జాబితాలో గంజాయి అలాగే ఉంది, మన దేశీయ శిక్షలు ఒక్క రోజు కూడా తగ్గలేదు.

మూడోది అన్నిటికన్నా బలమైనది: ఇంత జాగ్రత్త చెబితే భయస్థులే మిగులుతారు, మార్పు ఎవరు తెస్తారు? దీనికి నా జవాబు, మార్పు కోరేవాడు తాను పౌరుడైన చోట కోరాలి. ఏజెన్సీలో మూట మోసినవాడి శిక్ష తగ్గాలని, 14వ సెక్షను కింద నార సాగుకు రాష్ట్రం నియమాలు రాయాలని అడిగే సభ విజయవాడలోనో ముంబయిలోనో జరిగితే అక్కడికి వెళ్లడం బార్సిలోనా టికెట్టు కన్నా ఎక్కువ ధైర్యం, ఎక్కువ ఫలం. అలాంటి సభకు ఎన్‌డీపీఎస్ అడ్డు కాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఉద్యమ జాతర ఆ దేశపు పౌరులకు అర్థవంతం. వీసాదారుకు దూరం నుంచి చూడటమే క్షేమం. సంగీత మేళాల్లో ఇచ్చే రుచులకూ నమూనాలకూ మన పాస్‌పోర్టు మీద సమర్థన దొరకదు. పైగా తిండి రూపంలో పుచ్చుకున్నది అరగంట నుంచి రెండు గంటల తర్వాత గాని ఎక్కదు కనుక, ఏమీ కాలేదనుకుని మళ్లీ తినేవారు అక్కడే కుప్పకూలుతుంటారు. వ్యాపార సదస్సుకు అమెరికాలో వలస అపాయం ఎక్కువ, యూరప్‌లో తక్కువ. లాభం మాత్రం పెట్టుబడి ఉన్నవాడికే. నార సమావేశం నూలు కొనేవాడికి పనికొస్తుంది, దేశీయ వస్త్ర ప్రదర్శన సాంచె ఆసామికి పనికొస్తుంది. శివరాత్రి భంగు విషయం ఏ రాష్ట్రంలో నిలబడ్డామనేదాన్ని బట్టే ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా నమూనాలు చేత పట్టకుండా, బట్టలు ఉతికి, సంచి ఖాళీ చేసి, గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె సీసా ఆ ఊళ్లోనే వదిలేసి బయల్దేరడం అందరికీ ఒకటే నియమం.

ఇంకా తేలనివి

అతిథి దేశంలో సక్రమంగా చేసిన పనిని మన చట్టం నిజంగా ఎంతవరకు వెంటాడాలన్నది పార్లమెంటు విడమరిచి రాయవలసిన విషయం. ఆ సెక్షను రాసినప్పుడు జర్మనీ, కెనడాల వంటి దేశాలు ఊహలో కూడా లేవు. 0.3 శాతం హద్దు మన కొండ వాతావరణంలో పండిన పంటకు నిలుస్తుందా అనేది వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పొలంలో తేల్చాలి. హద్దు దాటిన పంటను రైతు ముందు తగలబెడితే ఆ నష్టం ఎవరిది అనే ప్రశ్న దాని వెనకే ఉంది. ఏజెన్సీలో గంజాయి నరికిన చోట నార గంజాయి వేయించవచ్చన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు రకాలను పొలం గట్టున కానిస్టేబులు ఎలా వేరుచేస్తాడో చెప్పకుండా ఆ మాట అనడం గిరిజన రైతును మళ్లీ జైలు అంచున నిలబెట్టడమే.

భివండీలో తేలనిది అంతకన్నా చిన్నది, అంతకన్నా దగ్గరిది. కొత్త నూలు మొదటి బీము ఎప్పుడూ నష్టానికే నేస్తారు: పోగులు తెగుతాయి, పీకులు తగ్గుతాయి, పన్నెండు గంటల షిఫ్టులో సగం సాంచె ఆగే ఉంటుంది. మజూరీ పీకు లెక్కన ఉన్నంతకాలం ఆ నష్టం నేసేవాడి కూలిలో నుంచే పోతుంది. హెంప్ ప్రదర్శన నుంచి నూలు కోన్లతో తిరిగొచ్చిన సేఠ్ ఆ మొదటి బీముకు రోజు కూలి ఇస్తాడా, పీకు కూలే ఇస్తాడా?